ఒక గది, ఒక మైకు, తొమ్మిది పాటలు: బోన్ ఈవేర్ తొలి ఆల్బమ్ నుంచి ఒక పాఠం

ప్రతి నెలా మన క్లబ్ మీటింగ్‌లో ఒకరు ఒక పుస్తకాన్నో, సినిమానో, పాటనో తీసుకుని అరగంట పాఠం చెప్పాలని రూల్ పెట్టుకున్నాం కదా. పోయిన నెల వంతు నాది. తెలుగు పాట కాకుండా, అమెరికాలో విస్కాన్సిన్ అనే చలి రాష్ట్రంలో తయారైన ఒక ఇండీ ఫోక్ ఆల్బమ్ తీసుకున్నాను. “తెలుగు క్లబ్‌లో ఇంగ్లిష్ పాటలేంట్రా బాబూ” అని సీనియర్ అన్న ఒకాయన నవ్వాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఈ వ్యాసం మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి ఉన్నాయి. మొదటిది పాట రాయడం గురించి. రెండోది నేను చేసిన ఒక తప్పు గురించి.

ఆ రోజు ప్రొజెక్టర్ మొరాయించి సగం పాఠమే చెప్పగలిగాను. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. హెడ్‌ఫోన్స్ ఉంటే పక్కన పెట్టుకోండి.

ముందుగా, ఈ ఫోక్ ఏ ఫోక్?

ఫోక్ అనగానే మనకి జానపదం గుర్తొస్తుంది. మన జానపదానికి సాధారణంగా రచయిత పేరుండదు. నాట్లు వేస్తూ, తిరగలి తిప్పుతూ, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఊరంతా కలిసి పాడుకున్న పాట. ఎవరో ఒక చరణం కలుపుతారు, ఇంకెవరో ఒక చరణం మర్చిపోతారు, పాట మాత్రం సాగిపోతుంది.

ఇండీ ఫోక్ అలాంటిది కాదు. ఇక్కడ రాసినవాళ్ల పేరు ఉంటుంది, అనుభవం కూడా చాలాసార్లు వాళ్లదే. ఫోక్ నుంచి తీసుకున్నవి చెక్క గిటార్, తక్కువ వాయిద్యాలు, మామూలు మనిషి గొంతు. ‘ఇండీ’ అంటే ఇండిపెండెంట్: పెద్ద కంపెనీల డబ్బు లేకుండా, సొంతంగానో చిన్న లేబుల్ సాయంతోనో బయటికి వచ్చేది. క్లుప్తంగా చెప్పాలంటే జానపదం ‘మేము’ పాడే పాట, ఇండీ ఫోక్ ఎక్కువగా ‘నేను’ పాడే పాట. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

మనం తీసుకున్న ఆల్బమ్ పేరు ‘ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో’. బ్యాండ్ పేరు బోన్ ఈవేర్. తొమ్మిది పాటలు, మొత్తం సుమారు 37 నిమిషాలు. అంటే మన ఒక క్లాస్ పీరియడ్ కన్నా తక్కువ.

క్యాబిన్‌కి ముందు

ఈ ఆల్బమ్ వెనక ఉన్న మనిషి జస్టిన్ వెర్నన్. 1981లో విస్కాన్సిన్‌లోని ఓ క్లేర్ అనే ఊళ్లో పుట్టాడు. స్కూల్ రోజుల నుంచే బ్యాండ్‌లలో ఉన్నాడు. తర్వాత స్నేహితులతో కలిసి డియార్మండ్ ఎడిసన్ అనే బ్యాండ్ పెట్టాడు. 2005లో వాళ్లందరూ సొంత ఊరు వదిలి, నార్త్ కరొలైనాలోని రాలీ నగరానికి మకాం మార్చారు. పెద్ద ఊరికి వెళ్తే ఏదో ఒకటి అవుతుందనే ఆశ. మన దగ్గర కుర్రాళ్లు హైదరాబాద్ బస్సెక్కినట్టే.

2006లో ఆ బ్యాండ్ విడిపోయింది. మిగతా ముగ్గురూ మెగాఫాన్ అనే కొత్త బ్యాండ్ పెట్టుకున్నారు. వెర్నన్ విడిగా మిగిలాడు. అదే కాలంలో ప్రేమ కూడా తెగిపోయింది. దానికి తోడు మోనోన్యూక్లియోసిస్ అనే వైరల్ జబ్బు వచ్చి లివర్ దాకా వెళ్లింది. నెలల తరబడి మంచం మీదే. ఆ మంచం మీద పడుకుని ‘నార్తర్న్ ఎక్స్‌పోజర్’ అనే పాత టీవీ సీరియల్ చూసేవాడు. అలాస్కాలోని ఒక చిన్న ఊరి కథ అది. అందులో మొదటి మంచు కురిసిన రోజు ఊరి జనమంతా బయటికొచ్చి ఒకరికొకరు ఫ్రెంచ్‌లో ‘మంచి శీతాకాలం’ అని చెప్పుకుంటారు. మనం ఉగాది శుభాకాంక్షలు చెప్పుకున్నట్టు. ఆ పలకరింపే తర్వాత బ్యాండ్ పేరు అయింది. ఫ్రెంచ్ స్పెల్లింగ్‌లో ఉన్న ఒక అక్షరం చూస్తే తన లివర్ జబ్బే గుర్తొస్తోందని దాన్ని తీసేశాడు. ‘బోన్ ఈవేర్’ అలా పుట్టింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పాతికేళ్ల వయసుకి అతను కొత్తవాడు కాదు. ఎన్నో ఏళ్లు బ్యాండ్‌లలో వాయించాడు, పాటలు రాశాడు, ఆల్బమ్‌లు రికార్డ్ చేశాడు. ‘ఒక్క చలికాలంలో’ అని అందరూ చెప్పే కథ మొదలయ్యేసరికే అతని చేతికి, చెవికి చాలా సాధన ఉంది.

మూడు నెలలు

2006 చివర్లో వెర్నన్ కారులో సామాన్లు వేసుకుని విస్కాన్సిన్ తిరిగొచ్చాడు. డన్ కౌంటీలో వాళ్ల నాన్నకి వేటకి వెళ్లినప్పుడు ఉండే చెక్క ఇల్లు ఒకటి ఉంది. అక్కడ దాదాపు మూడు నెలలున్నాడు. కట్టెలు కొట్టుకున్నాడు, జింకని వేటాడి ఆ మాంసమే వండుకున్నాడు. ఆల్బమ్ చేద్దామనే ప్లాన్‌తో వెళ్లలేదు. కొన్నాళ్లు ఎవరికీ కనపడకుండా ఉందామని వెళ్లాడు.

వెంట ఉన్న సరంజామా చాలా తక్కువ. ఒక ష్యూర్ ఎస్‌ఎం57 మైకు, ఒక పాత సిల్వర్‌టోన్ గిటార్, ఒక కంప్యూటర్, చిన్నాచితకా సామాన్లు. సిల్వర్‌టోన్ అంటే సియర్స్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ వాళ్లు మామూలు జనం కోసం అమ్మిన బ్రాండ్. అద్దాల బీరువాలో పెట్టి చూసుకునే గిటార్ కాదు. చాలా పాటల్లో దాని తీగల్ని మామూలు శ్రుతికి కాకుండా, అన్నీ కలిపి మీటితేనే ఒక కార్డ్ పలికేలా వేరే శ్రుతికి సవరించాడు. ‘స్కిన్నీ లవ్’ పాటలో గిటార్ అంత నిండుగా, కొంచెం మొరటుగా మోగడానికి అదీ ఒక కారణం.

ఇంకో పెద్ద మార్పు గొంతులో జరిగింది. పాత బ్యాండ్‌లో అతను కింది స్థాయిలో, నిండు గొంతుతో పాడేవాడు. ఇక్కడ ఫాల్సెట్టోకి మారాడు. ఫాల్సెట్టోలో స్వరతంత్రులు బాగా సాగి, అంచులు మాత్రమే ఎక్కువగా కంపిస్తాయి, పూర్తిగా మూసుకోవు. అందుకే గాలి శబ్దం కలుస్తుంది, హార్మోనిక్స్ తగ్గుతాయి, గొంతు పల్చగా వస్తుంది. మన దగ్గర మగవాళ్లు ఇలా పాడితే స్టేజి కింద నుంచి ఎవడో ఒకడు వెక్కిరిస్తాడు. ఒక్క గొంతుగా వింటే అది నిజంగానే బలహీనంగా ఉంటుంది. కానీ అలాంటివి ఎనిమిది పదీ కలిస్తే ఏమవుతుందన్నదే ఈ ఆల్బమ్ రహస్యం.

ముందు శబ్దం, తర్వాత మాట

సీనియర్ అన్న ప్రశ్నకి మొదటి జవాబు ఇక్కడుంది. పాట మన తెలుగు కాకపోయినా, పాట రాసిన పద్ధతి మనకి బాగా తెలిసిందే.

వెర్నన్ చాలా పాటలకి ముందు మాటలు రాయలేదు. ట్యూన్ మీద అర్థం లేని శబ్దాలతో గొంతు రికార్డ్ చేసుకున్నాడు. ఆ తర్వాత దాన్ని మళ్లీ మళ్లీ విని, ఆ శబ్దాలు ఏ మాటల్లా వినపడుతున్నాయో అవి కాగితం మీద రాసుకుంటూ పోయాడు. అంటే మాటలకి ట్యూన్ కాదు, ట్యూన్‌కి శబ్దం, శబ్దానికి మాట.

మన సినిమా పాటల్లో చాలావరకు ట్యూన్‌కే సాహిత్యం రాస్తారని మీకు తెలుసు. సంగీత దర్శకుడు ‘తననన’లతోనో, నోటికొచ్చిన డమ్మీ మాటలతోనో ట్యూన్ ఇస్తాడు. రచయిత గురువు దగ్గర గురువు, లఘువు దగ్గర లఘువు పడేలా మాటలు కూరుస్తాడు. కానీ అక్కడ రచయిత ఆ ‘తననన’ని పూర్తిగా చెరిపేస్తాడు. దాని కొలత మాత్రమే ఉంచుకుంటాడు. వెర్నన్ కొలతతో పాటు ఆ శబ్దపు రంగుని కూడా ఉంచుకున్నాడు. పై స్వరం మీద ‘ఆ’ అన్నాడా, ‘ఓ’ అన్నాడా అన్నది కూడా చివరి మాటల్లో మిగిలింది. అందుకే ఆ పాటల్లో చాలా వాక్యాలు వ్యాకరణంగా చూస్తే అర్థం కావు. ఇంగ్లిష్ వాళ్లకీ కావు. అయినా బాధ మాత్రం స్పష్టంగా అర్థమవుతుంది.

ఇది మనకి కొత్త కాదు. పడవ పాటలో ‘హైలెస్సా’కి నిఘంటువు అర్థం ఎవరడుగుతారు? బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’ ప్రతి పాదం చివరా వచ్చేది అర్థం చెప్పడానికి కన్నా, అడుగు కలపడానికే. మన భాషకి ఇంకో సౌకర్యం ఉంది: అచ్చ తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. అందుకే మాట చివర స్వరాన్ని ఎంతసేపైనా సాగదీయొచ్చు. ఇంగ్లిష్‌లో హల్లుతో ఆగిపోయే మాటలు ఎక్కువ కాబట్టి, సాగదీయాలంటే మాటని వెతుక్కోవాలి. వెర్నన్ ముందు శబ్దాన్ని పట్టుకోవడం ఈ వెతుకులాటకి ఒక దారి.

మనలో కవిత్వం రాసేవాళ్లు ఈ పద్ధతి ఒకసారి ప్రయత్నించండి. మనం ఎక్కువగా ముందు భావం అనుకుని, దానికి మాటలు తొడుగుతాం. ఒక్కోసారి శబ్దం ముందు వస్తే, మనం దాచుకున్న భావం దాని వెనకే బయటపడుతుంది.

ఒక్క మనిషి గుంపుగా ఎలా మారాడు?

ఇప్పుడు మన బ్రాంచ్ సంగతి. ‘లంప్ సమ్’ పాట మొదలు విన్నారా? చర్చిలో కోరస్ పాడుతున్నట్టుంటుంది. ‘ద వుల్వ్స్’ చివరికొచ్చేసరికి ఒక ఊరే పాడుతున్నట్టుంటుంది. ప్రధానంగా అవన్నీ ఒకే గొంతు పొరలు. ఎలా?

మొదట మైకు. ఎస్‌ఎం57 డైనమిక్ మైకు, 1965 నుంచి అమ్ముతున్నారు. పల్చటి పొరకి ఒక తీగ చుట్ట అంటి ఉంటుంది, చుట్టూ అయస్కాంతం. శబ్దానికి పొర కదిలితే చుట్ట కదులుతుంది, ఫారడే నియమం ప్రకారం వోల్టేజ్ పుడుతుంది. ఇంటర్‌లో చదివిన విషయమే, ఇక్కడ పాటైంది. ఈ మైకు పనిచేసే పరిధి సుమారు 40 హెర్ట్జ్ నుంచి 15 కిలోహెర్ట్జ్ వరకు. దీన్ని ఎక్కువగా స్నేర్ డ్రమ్ ముందు, గిటార్ యాంప్ ముందు పెడతారు. స్టూడియోలో గొంతుకైతే సాధారణంగా ఖరీదైన కండెన్సర్ మైకు వాడతారు. కానీ ఎస్‌ఎం57 కార్డియాయిడ్ కాబట్టి ముందు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా, వెనక నుంచి వచ్చేదాన్ని తక్కువగా తీసుకుంటుంది. నోటికి దగ్గరగా పెడితే కింది ఫ్రీక్వెన్సీలు పెరుగుతాయి. పల్చటి ఫాల్సెట్టోకి కొంచెం ఒళ్లు వస్తుంది. స్టూడియో కాని గదిలో ఇది మంచి తోడు.

తర్వాత పొరలు. ఒకే లైన్‌ని పాడి రికార్డ్ చేయడం, అది వింటూ మళ్లీ పాడటం, మళ్లీ, మళ్లీ. దీన్నే ఓవర్‌డబ్బింగ్ అంటారు. కొత్తదేం కాదు, లెస్ పాల్, మేరీ ఫోర్డ్ 1950ల మొదట్లోనే ఈ పద్ధతితో హిట్లు కొట్టారు.

ఇక్కడ ఒక డౌట్ రావాలి. ఒక్కసారి పాడి దాన్నే ఎనిమిదిసార్లు కాపీ పేస్ట్ చేస్తే సరిపోదా? సరిపోదు. అచ్చంగా ఒకేలా ఉన్న ఎనిమిది సిగ్నల్స్ కలిపితే ఆంప్లిట్యూడ్ ఎనిమిది రెట్లు, అంటే 18 డెసిబెల్స్ పెరుగుతుంది. అంతే, అదే గొంతు గట్టిగా వినపడుతుంది. వాల్యూమ్ నాబ్ తిప్పినా అదే జరుగుతుంది. కానీ నిజంగా ఎనిమిదిసార్లు పాడితే, ప్రతిసారీ శ్రుతి ఒకటో రెండో హెర్ట్జ్ అటూఇటూ, టైమింగ్ కొన్ని మిల్లీసెకన్లు అటూఇటూ అవుతుంది. 220 హెర్ట్జ్, 221.5 హెర్ట్జ్ కలిస్తే సెకనుకి ఒకటిన్నర సార్లు బీట్ వస్తుంది. ఇలాంటి చిన్న చిన్న తేడాలన్నీ కలిసి గొంతు కదులుతున్నట్టు, వెడల్పుగా ఉన్నట్టు చేస్తాయి. సిగ్నల్స్ మధ్య సంబంధం లేకపోతే పవర్లు మాత్రమే కూడతాయి కాబట్టి పెరుగుదల 9 డెసిబెల్స్ దగ్గరే ఆగుతుంది. శబ్దం తక్కువే పెరిగింది, కానీ మనుషులు పెరిగారు.

అంటే మన చెవి గుంపుని గుర్తుపట్టేది తప్పుల వల్ల. ఎనిమిది టేకులూ పర్ఫెక్ట్‌గా ఉంటే మనకి ఒక్కడే వినపడతాడు. తేడాలుంటేనే ఎనిమిది మంది.

హాస్టల్‌లో రికార్డ్ చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. ఫ్యాన్ శబ్దం కూడా ప్రతి టేక్‌లోనూ పడుతుంది. ఎనిమిది పొరలు వేస్తే ఫ్యాను కూడా 9 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకని ఏప్రిల్‌లోనైనా సరే ఫ్యాన్ ఆపాల్సిందే. స్వానుభవం.

ఐదొందల కాపీలు

క్యాబిన్ నుంచి బయటికొచ్చేసరికి వెర్నన్ దృష్టిలో ఇవి డెమోలు. లేబుల్స్‌కి పంపి, తర్వాత సరిగ్గా మళ్లీ రికార్డ్ చేద్దామనుకున్నాడు. విన్న స్నేహితులు “ఇలాగే బయట పెట్టెయ్” అని ప్రోత్సహించారు. 2007 వేసవిలో సొంతంగా 500 సీడీలు వేశాడు. అప్పటికి యూట్యూబ్ పుట్టి రెండేళ్లు. కొత్త సంగీతం ఎక్కువగా మైస్పేస్ పేజీల్లో, మ్యూజిక్ బ్లాగుల్లో తిరిగేది. ఈ ఆల్బమ్ కూడా అలాగే నోటిమాటగా పాకింది. అదే ఏడాది అక్టోబర్‌లో పిచ్‌ఫోర్క్ సైట్ మంచి రివ్యూ రాసింది. ఇండియానా రాష్ట్రంలోని జాగ్జాగువార్ అనే ఇండీ లేబుల్ ఆల్బమ్‌ని తీసుకుని 2008 ఫిబ్రవరిలో అమెరికాలో మళ్లీ విడుదల చేసింది. బ్రిటన్‌లో అదే ఏడాది మే నెలలో 4ఏడీ లేబుల్ ద్వారా వచ్చింది. ఏడాది చివరికి ఎన్నో పత్రికల ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాల్లో ఉంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. కచేరీలు చేయాల్సిన అవసరం వచ్చేసరికి వెర్నన్‌కి బ్యాండ్ లేదు. అన్ని గొంతులూ తనవే, స్టేజి మీద ఎనిమిది మంది తను ఎలా అవుతాడు? షాన్ కేరీ అనే డ్రమ్మర్ ఇంట్లో కూర్చుని ఈ పాటల వాయింపు, పై గొంతులు అన్నీ నేర్చుకుని, షో దగ్గరికే వచ్చి “నేను వాయించగలను, పాడగలను” అన్నాడు. అలా బ్యాండ్‌లో చేరాడు. ఒకప్పుడు వెర్నన్ దగ్గర గిటార్ నేర్చుకున్న కుర్రాడు మైక్ నోయిస్ కూడా చేరాడు. అలా ఒక్కడి రికార్డింగ్ బ్యాండ్ అయింది. మామూలుగా బ్యాండ్ ముందు, ఆల్బమ్ తర్వాత. ఇక్కడ తిరగబడింది.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 2010లో కాన్యే వెస్ట్ తన ఆల్బమ్‌లోకి వెర్నన్‌ని తీసుకున్నాడు. 2011లో బర్డీ అనే టీనేజ్ ఇంగ్లిష్ అమ్మాయి పియానో మీద పాడిన ‘స్కిన్నీ లవ్’ విని చాలామంది అసలు పాట దగ్గరికి వచ్చారు. మనలో కొందరు కూడా అలాగే వచ్చి ఉంటారు. 2012 గ్రామీల్లో బోన్ ఈవేర్‌కి ఉత్తమ నూతన కళాకారుడి అవార్డు వచ్చింది. అప్పటికి ఈ మొదటి ఆల్బమ్ వచ్చి నాలుగేళ్లు దాటింది, అతను బ్యాండ్‌లు మొదలుపెట్టి పదేళ్లు పైమాటే. ‘నూతన’ అన్న మాటకి నవ్వుకోవచ్చు.

కథ పాటని మింగేస్తే

ఈ ఆల్బమ్ గురించి ఏ రివ్యూ తీసినా మొదటి పేరాలోనే క్యాబిన్ వచ్చేస్తుంది. గుండె పగిలినవాడు, మంచు, ఒంటరి ఇల్లు, ఒక మైకు. చెప్పుకోవడానికి చాలా బాగుంటుంది. మన పురాణాల్లో తపస్సు చేసుకోవడానికి అడవికి వెళ్లి వరంతో తిరిగొచ్చినట్టు. ఈ కథ ఆల్బమ్ అమ్మకానికి సాయపడిందనడంలో సందేహం లేదు. కానీ కొన్నేళ్లకి వెర్నన్‌కే ఈ కథ అంటే విసుగొచ్చింది.

ఎందుకంటే కథలో కొన్ని విషయాలు కనపడవు. క్యాబిన్ నాన్నది. అద్దె లేకుండా మూడు నెలలు ఉండగలిగే చోటు అందరికీ ఉండదు. అంతకు ముందు ఏళ్ల తరబడి స్నేహితులతో వాయించిన చదువు ఉంది. ‘ఎమ్మా’ కూడా ఒక అమ్మాయి పేరని అందరూ వెతికారు కానీ, ఎమ్మా మనిషి కాదు, మనం ఇరుక్కుపోయే ఒక చోటు లాంటిదని అతనే చెప్పాడు. అన్నిటికన్నా ముఖ్యమైనది: ‘ఫర్ ఎమ్మా’ పాటలో వినపడే ట్రంపెట్, ట్రోంబోన్ వేరేవాళ్లు వాయించినవి. కొన్నిచోట్ల ఇంకొకరి గొంతు కూడా ఉంది. ఆల్బమ్ మీద వాళ్ల పేర్లున్నాయి. వెర్నన్ దాచలేదు. కథ చెప్పుకున్న మనమే ఆ పేర్లు చదవలేదు.

చివరి పాట ‘రీ: స్టాక్స్’ మాత్రం ఒక గిటార్, ఒక గొంతు. ఆరున్నర నిమిషాలు. అది వింటే ఒంటరితనం నిజమేనని తెలుస్తుంది. ఒంటరితనం నిజం. ‘ఒక్కడే చేశాడు’ అన్నది పూర్తి నిజం కాదు. ఈ రెండూ వేరు వేరు విషయాలని నాకు ఈ పాఠం తయారు చేసుకుంటున్నప్పుడే తెలిసింది.

ఇక నా పాట సంగతి

సెకండియర్ చివర్లో ఫెస్ట్ కోసం నేను ఒక తెలుగు పాట చేశాను. మీలో కొందరు విని ఉంటారు. దాని కింద ఇలా రాసుకున్నాను: ‘మాట, ట్యూన్, గానం, రికార్డింగ్ అన్నీ నేనే. ఒక హాస్టల్ గది, ఒక్కడు.’ అప్పటికి నేను బోన్ ఈవేర్ కథ సగం చదివి, ఆ ‘ఒక్కడు’ అన్న మాట మీద మోజు పడి ఉన్నాను.

నిజం ఏమిటంటే ఆ గదిలో ఇద్దరం ఉన్నాం. ఏప్రిల్ రాత్రులు, ఫ్యాన్ ఆపేసి, కిటికీకి దుప్పట్లు కట్టింది మా రూమ్మేట్. పాటలో వినపడే ఆ తాళం, స్నానాల బకెట్ బోర్లించి వాడు వాయించినదే. రెండో చరణంలో నా గొంతు పక్కన ఉన్న కింది గొంతు కూడా వాడిదే. “నాకు పాడటం రాదు మామా” అంటుంటే, “వెనక ఉంటావులే, ఎవరికీ తెలీదు” అన్నాను. నిజంగానే ఎవరికీ తెలియకుండా చేశాను.

వాడు ఏమీ అనలేదు. పోస్ట్ చూశాడు, లైక్ కొట్టాడు. థర్డియర్‌లో రూమ్ మారాడు. ల్యాబ్‌కి దగ్గరని చెప్పాడు. నేను నమ్మాను, నమ్మడం నాకు సులువు కాబట్టి.

ఈ పాఠం కోసం ఆ ఆల్బమ్‌లో పాటకి సాయం చేసినవాళ్ల పేర్లు చదువుతుంటే, ట్రంపెట్ దగ్గర ఆగిపోయాను. క్యాబిన్ కథకి అంత పేరొచ్చిన మనిషే ఆ పేర్లు వదిలిపెట్టలేదు. ఆ రాత్రే వాడి రూమ్‌కి వెళ్లాను. మాట్లాడదామని ప్రిపేరయి వెళ్లినవన్నీ మర్చిపోయాను. “పాట కింద నీ పేరు రాస్తున్నాను రా” అన్నాను. వాడు రికార్డ్ రాసుకుంటూ తల ఎత్తకుండా, “ఇప్పుడెందుకు, ఏడాదైపోయింది కదా” అన్నాడు. కాసేపాగి, “బకెట్ అని కూడా రాయి, లేకపోతే ఎవరూ నమ్మరు” అన్నాడు.

రాశాను. మొత్తం సర్దుకుపోయిందని చెప్పను. వాడు ఇంకా వేరే రూమ్‌లోనే ఉన్నాడు. కానీ మొన్న టిఫిన్ దగ్గర నా పక్కన ప్లేట్ పెట్టాడు.

ఇదే సీనియర్ అన్నకి నా రెండో జవాబు. జానపదం ‘మేము’ పాట, ఇండీ ఫోక్ ‘నేను’ పాట అని మొదట్లో అన్నాను కదా. సగమే నిజం. ‘నేను’ పాటలో కూడా ఎక్కడో ఒక ‘మేము’ ఉంటుంది. జానపదంలో పేర్లు కాలంలో పోయాయి. మన పాటల్లో అలా పోనవసరం లేదు, ఒక లైన్ రాస్తే చాలు.

అభ్యాసం

పాఠం అన్నాక హోంవర్క్ ఉండాలి కదా. మూడే పనులు.

ఒకటి. ఆల్బమ్ మొత్తం వరసగా, ఫోన్ పక్కన పెట్టి వినండి. మొదటిసారి మాటలు చూడకండి. ఏడో ట్రాక్ ‘టీమ్’లో పాటే లేదు, రెండు నిమిషాల లోపు వాయిద్యం. అది ఆ చోట ఎందుకుందో మీరే ఆలోచించండి.

రెండు. మీ ఫోన్‌లో ఒక ట్యూన్‌ని అర్థం లేని శబ్దాలతో పాడి రికార్డ్ చేయండి. మర్నాడు విని, వినపడిన తెలుగు మాటలు రాయండి. వచ్చే సంచికకి పంపండి, ఎడిటింగ్ టీమ్ వెంటపడుతోంది.

మూడు. ఒకే లైన్‌ని ఒకసారి పాడి నాలుగు కాపీలు పెట్టండి. ఇంకోసారి నిజంగా నాలుగుసార్లు పాడి కలపండి. రెండూ పక్కపక్కన వినండి. తేడా చెవికి తెలిశాక, ఆ నాలుగో గొంతు మీ పక్క బెడ్ వాడితో పాడించి చూడండి. ఫైల్ పేరులో వాడి పేరు కూడా పెట్టండి.